ఊళ్ళో అందరికీ ఆన్‌లైన్ వైద్యం అందాలంటే: ఓటీపీ దగ్గర్నుంచి మాత్రలు చేతికొచ్చేదాకా

ఓపీ చీటీ, ల్యాబ్ రిపోర్టు, డాక్టరు సలహా, ఆరోగ్యశ్రీ వివరాలు, టీబీ రోగికి ప్రభుత్వం ఇచ్చే పోషకాహార డబ్బు, ఇలా వైద్యానికి సంబంధించిన పనులు ఒక్కొక్కటే ఫోన్లోకి వచ్చేశాయి. చేతిలో టచ్ ఫోను, ఇంట్లో చదువుకున్న పిల్లలు ఉన్నవాళ్ళకు ఇది పెద్ద సుఖం. లేనివాళ్ళకు మాత్రం ఆసుపత్రి గుమ్మం ముందు ఇంకో గుమ్మం కట్టినట్టయింది.

2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో మగవాళ్ళలో 57 శాతం మంది ఎప్పుడో ఒకసారైనా ఇంటర్నెట్ వాడారు. ఆడవాళ్ళలో 33 శాతమే. ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 21 శాతం, తెలంగాణలో 26 శాతం దాటింది. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి, నిజమే. కానీ ఆ లెక్కలు 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వాళ్ళవి. బీపీ, షుగర్, మోకాళ్ళ నొప్పులు, కంటి శుక్లాలతో డాక్టరు అవసరం ఎక్కువగా ఉండే 60 ఏళ్ళ అవ్వ, 70 ఏళ్ళ తాత అసలు ఆ లెక్కలోకే రాలేదు.

మన ప్రాంతానికి ఆన్‌లైన్ వైద్యం కొత్తేమీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్ళు 2000 సంవత్సరంలోనే టెలిమెడిసిన్, అంటే దూరంగా ఉన్న డాక్టరు చేత తెర మీద వైద్యం చెప్పించడం, మొదలుపెట్టారు. డాక్టరుతో ఆన్‌లైన్‌లో మాట్లాడించే కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని సేవను 2019 నవంబరులో దేశంలో అందరికంటే ముందు అమల్లోకి తెచ్చింది ఆంధ్రప్రదేశే. యంత్రాలు, యాప్‌లు ఎప్పుడో వచ్చేశాయి. ఊళ్ళో ఇంకా కొరతగా ఉన్నది పక్కన కూర్చుని చేయించే మనిషి. డ్వాక్రా లీడరు, టీచరు, డిగ్రీ చదివి ఇంటి దగ్గరున్న కుర్రాళ్ళు, రిటైరైన ఉద్యోగి, వీళ్ళలో ఇద్దరు ముగ్గురు కలిస్తే ఆ కొరత తీర్చవచ్చు. ఆ పని ఎలా చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటి అడుగు: ఒక నోటుబుక్కు, ఒక వారం

యాప్‌లు నేర్పడానికి ముందు ఊరి పరిస్థితి తెలుసుకోండి. ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో వెంటబెట్టుకుని వెళ్ళండి. ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో వాళ్ళకు తెలుసు, జనానికి వాళ్ళమీద నమ్మకమూ ఉంటుంది. ఆ ఇంటి జబ్బు వివరాలు మాత్రం మీ నోటుబుక్కులో రాయకండి, అవి వాళ్ళ రిజిస్టర్లలోనే ఉండాలి. మీరు రాసుకోవాల్సినవి వేరు. ఇంట్లో టచ్ ఫోను ఉందా, బటన్ ఫోనేనా? పగటిపూట ఆ ఫోను ఎవరి దగ్గర ఉంటుంది? ఆధార్‌కు ఏ నంబరు లింక్ అయింది? ఇంట్లో సిగ్నల్ వస్తుందా, మిద్దె ఎక్కాలా? చదవడం, చూపు, వినికిడి ఎలా ఉన్నాయి?

రెండో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. "మా ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉంది" అని చెప్పే ఇళ్ళలో చాలాచోట్ల ఆ ఫోను కొడుకు జేబులో ఉంటుంది. అతను పొద్దున్నే పనికి పోతాడు, డాక్టర్లు లైన్‌లో ఉండేదీ ఆ పగటిపూటే. అలాంటి ఇంటిని ఫోను లేని ఇంటి కిందే లెక్కేయండి.

రెండో అడుగు: ఓటీపీ గండం దాటించడం

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. రిపోర్టులు దాచుకునే ఆభా నంబరు కావాలన్నా, బీమా లాంటి ఆయుష్మాన్ కార్డు కావాలన్నా ఆధార్‌తో ముడిపడిన నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు ఎప్పుడో పదేళ్ళ కిందట అల్లుడు ఇచ్చినది కావచ్చు. లేదా రీఛార్జ్ చేయక వదిలేస్తే కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేసి ఉండవచ్చు. అప్పుడు మన అవ్వ ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి పోతుంది.

ఏ నంబరు లింక్ అయిందో తెలుసుకోవడానికి ఎక్కడికీ తిరగక్కర్లేదు. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో ‘చెక్ ఆధార్ వాలిడిటీ’ అనే చోట ఆధార్ నంబరు కొడితే లింక్ అయిన ఫోను చివరి మూడు అంకెలు కనిపిస్తాయి. దీనికి ఓటీపీ అడగదు. అంకెలు చూపించి "ఇది మీదేనా?" అని అడగండి. కాకపోతే ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్ళి వేలిముద్రతో నంబరు మార్పించాలి. కదలలేని వాళ్ళకు ఇంకో దారి ఉంది. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ద్వారా పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి ఆధార్‌లో మొబైల్ నంబరు మారుస్తారు. ఈ సేవ 2021 నుంచి ఉంది, చాలామందికి తెలియదు. మీ ఊరి పోస్టాఫీసులో అడిగి, అలాంటి పేర్లన్నీ ఒకేరోజుకు కుదర్చండి.

కొత్త నంబరు ఎవరిది పెట్టాలి అనే ప్రశ్న వస్తుంది. పెద్దావిడ దగ్గర బటన్ ఫోను ఉంటే ఆమె నంబరే పెట్టండి. ఓటీపీ రావడానికి బటన్ ఫోను చాలు. కొడుకు నంబరు పెడితే పని త్వరగా అవుతుంది, కానీ రేపు అతను హైదరాబాద్‌కో దుబాయ్‌కో పోతే మళ్ళీ మొదటికొస్తుంది. మీ సొంత నంబరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి. మంచి మనసుతోనే ఇస్తారు, కానీ నెల తిరిగేసరికి ఊళ్ళో సగం మంది వైద్యం మీ ఫోనుకు వేలాడుతుంది.

టీబీ రోగులున్న ఇంట్లో ఆధార్ పక్కనే బ్యాంకు ఖాతా కూడా చూడండి. నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స జరిగినంతకాలం నెలకు 1000 రూపాయలు నేరుగా ఖాతాలో పడతాయి. 2024 నవంబరుకు ముందు ఇది 500 ఉండేది. ఖాతా ఆధార్‌కు లింక్ కాక ఆ డబ్బు ఆగిపోతే, గుడ్లు, పాలు కొనుక్కోవాల్సిన మనిషికి అది నిజమైన నష్టం.

మూడో అడుగు: ఏ అవసరానికి ఏ దారి

జనం బాగా గందరగోళపడేది ఆభా, ఆయుష్మాన్ కార్డుల దగ్గర. రెండూ ఒకటి కాదు. ఆభా అనేది 14 అంకెల నంబరు, మన రిపోర్టులన్నీ ఒకచోట చూసుకోవడానికి పనికొస్తుంది. దాంతో ఒక్క రూపాయి వైద్యం కూడా ఉచితంగా రాదు. ఆయుష్మాన్ కార్డు బీమా లాంటిది: అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్స. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు నిండిన వాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఇవి కాక రాష్ట్రాల పథకాలు ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీని 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు.

ఈ కింది నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి సచివాలయం గోడకు, రేషన్ షాపు దగ్గర, అంగన్‌వాడీలో అంటించండి. వీటికి ఇంటర్నెట్ అక్కర్లేదు, బటన్ ఫోను చాలు:

- 108: అంబులెన్స్
- 104: ఆరోగ్య సలహా, ప్రభుత్వ ఆసుపత్రుల సమాచారం, ఫిర్యాదులు
- 14416: టెలి మానస్. దిగులు, నిద్ర పట్టకపోవడం, టెన్షన్, చచ్చిపోవాలనిపించడం లాంటి వాటికి రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు
- 14555: ఆయుష్మాన్ కార్డు సందేహాలు
- 14567: పెద్దవయసు వాళ్ళ కోసం ఎల్డర్ లైన్
- 1930: ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే ఫిర్యాదు

డిజిటల్ వైద్యం అనగానే అందరూ యాప్‌ల వైపు చూస్తారు. ఏమీ చదువుకోని మనిషికి మొదట నేర్పాల్సినది ఈ నంబర్లే. బటన్ ఫోనులో 108ని ఒక అంకె నొక్కి పట్టుకుంటే వెళ్ళేలా స్పీడ్ డయల్ పెట్టి, వాళ్ళ చేత్తోనే నొక్కించి చూపించండి. కాల్ పోకముందే కట్ చేయించండి.

నాలుగో అడుగు: వారానికి ఒక పూట హెల్ప్ డెస్క్

ఒకే రోజు, ఒకే సమయం, ఒకే చోటు. ఉదాహరణకు ప్రతి బుధవారం పొద్దున 10 నుంచి 1 దాకా. చోటు విషయంలో నా మాట వినండి, ఎవరింట్లోనూ పెట్టకండి. కులం, పార్టీ, పాత తగాదాలు ఉన్న ఊళ్ళో ఒకరి అరుగు మీదికి ఇంకొకరు రారు. పల్లె దవాఖానా, విలేజ్ హెల్త్ క్లినిక్, లైబ్రరీ, పంచాయతీ ఆఫీసు అయితే అందరివీ. పంచాయతీ ఆఫీసుకు ఫైబర్ లైను వచ్చి ఉంటే నెట్ సమస్య కూడా తీరుతుంది.

కావాల్సిన సామాను తక్కువే: ఒక టచ్ ఫోను లేదా ట్యాబ్, దాన్ని నిలబెట్టే స్టాండు, ఛార్జర్, డిజిటల్ బీపీ మిషను, ప్రింటరు ఉంటే మంచిది. గోప్యంగా మాట్లాడుకోవడానికి ఒక చాటు తప్పనిసరి, గది లేకపోతే దుప్పటి కట్టినా సరే. పది మంది ముందు తెల్లబట్ట గురించో మూత్రం సమస్య గురించో ఏ ఆడమనిషీ నోరు విప్పదు. అందుకే డెస్క్ దగ్గర కూర్చునేవాళ్ళలో కనీసం ఒక మహిళ ఉండాలి.

ఐదో అడుగు: ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడించడం

ఈ-సంజీవనికి రెండు దారులున్నాయి. ఒకటి, రోగి తన ఫోను నుంచే డాక్టరుతో మాట్లాడటం. ఇది 2020 ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్ రోజుల్లో మొదలైంది. రెండోది, ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉండే ఎంఎల్‌హెచ్‌పీ (డాక్టరుకు, ఏఎన్‌ఎంకు మధ్య స్థాయి ఆరోగ్య ఉద్యోగి) తన ట్యాబ్ నుంచి పెద్ద డాక్టరును కలిపి, రోగిని పక్కన కూర్చోబెట్టి మాట్లాడించడం. ముసలివాళ్ళకు, ఫోను లేనివాళ్ళకు రెండో దారే మంచిది. అక్కడ బీపీ, షుగర్ చూసే మనిషి ఉంటారు, రాసిన మందుల్లో చాలావరకు అక్కడే ఇస్తారు. అందుకని మీ డెస్క్ రోజు ఎంఎల్‌హెచ్‌పీ ఊళ్ళో ఉండే రోజుతో కలిసేలా చూసుకోండి.

సొంత ఫోను నుంచి అయితే వరస ఇది. వెబ్‌సైట్ లేదా యాప్ తెరిచి, మొబైల్ నంబరు, ఓటీపీ కొట్టి, రోగి వివరాలు నింపి, పాత రిపోర్టుల ఫోటోలు ఎక్కించి, రాష్ట్రం, కావాల్సిన ఓపీడీ ఎంచుకోవాలి. టోకెన్ వస్తుంది. వంతు వచ్చాక డాక్టరు వీడియోలోకి వస్తారు. మాట్లాడటం అయ్యాక మందుల చీటీ ఫోన్లోకి దిగుతుంది.

అసలు పని వీడియో మొదలవకముందే ఉంటుంది. డాక్టరు ఇచ్చేది నాలుగైదు నిమిషాలు. ఆ కాస్త సమయం "ఏ మాత్రలు వాడుతున్నారమ్మా?" "ఏమో బాబూ, ఎర్రగా ఉంటాయి" దగ్గరే అయిపోకూడదు. మనిషి వచ్చేటప్పుడే ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మనండి. షీట్లను బల్లమీద పరిచి, మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ కనిపించేలా ఒక ఫోటో తీయండి. చాలాసార్లు ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉంటుంది, తెలియక రెండూ వేసుకుంటుంటారు. డాక్టరు దృష్టికి తేవాల్సిన మొదటి విషయం అదే. తర్వాత ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాయండి: ఏం బాధ, ఎన్నాళ్ళ నుంచి, ఈరోజు బీపీ ఎంత, ఏ మందు పడదు. బీపీ చూసేముందు ఐదు నిమిషాలు ఊరకే కూర్చోనివ్వండి, నడిచొచ్చిన ఆయాసంలో చూస్తే ఎక్కువ చూపిస్తుంది.

ఫోనును చేత్తో పట్టుకోకుండా స్టాండు మీద, ముఖానికి ఎదురుగా పెట్టండి. వెలుతురు ముందు నుంచి పడాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే డాక్టరుకు నల్లటి నీడ తప్ప ఏమీ కనిపించదు. రోగినే మాట్లాడనివ్వండి. మీరు అందుకుని చెప్పేస్తుంటే, ఆవిడ మనసులో ఉన్న అసలు బాధ బయటికే రాదు.

నెట్ తెగితే కంగారు పడొద్దు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వీడియో, ఆడియో, మెసేజ్ మూడింటి ద్వారానూ డాక్టరు సలహా ఇవ్వవచ్చు. కొన్ని మందులు మాత్రం మొదటిసారి రాయాలంటే వీడియో ఉండాలి. మత్తు కలిగించే నియంత్రిత మందులు ఆన్‌లైన్‌లో రాయరు, అడిగి వాదించకండి.

గుండెలో నొప్పి, మూతి వంకరపోవడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, ఫిట్స్, పాము కాటు, గర్భిణికి రక్తస్రావం, ఊపిరందకపోవడం, వీటికి ఏ యాప్ తెరవొద్దు. 108కి కొట్టండి.

చీటీ వచ్చింది కదా అని అక్కడితో వదిలేయకండి. మాత్రలు చేతికొచ్చి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో అర్థమయ్యేదాకా పని పూర్తికానట్టే. చదువురాని వాళ్ళకు మాత్రల కవరు మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు గీసివ్వండి. ఆరోగ్య కేంద్రంలో దొరకని మందుకు దగ్గర్లోని జనఔషధి షాపు అడ్రసు చెప్పండి. తర్వాతి వారం ఒక ఫోను చేసి వేసుకుంటున్నారో లేదో కనుక్కోండి.

ఆరో అడుగు: సిగ్నల్ లేని చోట, తెలుగు రాని చోట

పాడేరు ఏజెన్సీ, నల్లమల, పాపికొండలు, ఆదిలాబాద్ గూడేల్లో చాలాచోట్ల ఇప్పటికీ టవర్ అందదు. అక్కడ డెస్క్‌ను సంత రోజున సంతలో పెట్టండి. ఎలాగూ జనం కొండ దిగి అక్కడికి వస్తారు, సిగ్నలూ ఉంటుంది. గూడెంలో ఎవరికైనా చర్మం మీద మచ్చలో, మానని పుండో ఉంటే ఆశా కార్యకర్త ఫోటో తీసుకుని, సిగ్నల్ దొరికిన చోట నుంచి పీహెచ్‌సీ డాక్టరుకు పంపవచ్చు. ఫోటోకు ముందు ఆ మనిషి ఒప్పుకోవాలి, ముఖం రాకుండా తీయాలి.

కోయ, గోండి, సవర మాట్లాడే పెద్దవాళ్ళకు తెలుగు డాక్టరు వీడియోలో కనిపించినా సగమే అర్థమవుతుంది. అదే గూడెంలో చదువుకున్న అమ్మాయినో అబ్బాయినో పక్కన కూర్చోబెట్టి తర్జుమా చేయించండి. ఇంట్లో చిన్న పిల్లల చేత మాత్రం చేయించకండి. తల్లి జబ్బు సంగతి పదేళ్ళ పిల్ల నోటితో చెప్పించడం ఇద్దరికీ నరకమే.

చూపు మందగించిన వాళ్ళ ఫోన్లలో అక్షరాల సైజు పెంచడానికి నిమిషం చాలు. చూపు అసలు లేనివాళ్ళకు ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది, దానికి నేర్చుకునే ఓపిక కావాలి. టైపు రాని వాళ్ళకు కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడటం నేర్పండి. అన్నిటికంటే త్వరగా వచ్చేది ఇదే.

ఏడో అడుగు: నమ్మకం పోకుండా కాపాడుకోవడం

జనం మీ చేతిలో ఆధార్, ఫోను, జబ్బు మూడూ పెడుతున్నారు. కాబట్టి కొన్ని నియమాలు రాసి డెస్క్ వెనక గోడకు అంటించండి. ఓటీపీ ఎదురుగా ఉన్నప్పుడే, ఎందుకో చెప్పి తీసుకోవాలి, ఫోను చేసి అడగకూడదు. ఆధార్ ఫోటోలు, రిపోర్టులు పని అయిపోగానే వాళ్ళ ముందే డిలీట్ చేయాలి. రోగి కాగితాలు ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకూడదు. డబ్బు తీసుకోకూడదు. మందు సలహా మీరు ఇవ్వకూడదు, "నాకూ ఇలాగే ఉంటే ఫలానా మాత్ర వేసుకున్నాను" అని కూడా అనకూడదు.

ఆడవాళ్ళ విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. గర్భం, హెచ్‌ఐవీ, మానసిక సమస్య లాంటి వాటి రిపోర్టు భర్త ఫోనుకో మామగారి ఫోనుకో పోవడం ఆమెకు ఇష్టం ఉండకపోవచ్చు. "ఈ రిపోర్టు ఏ నంబరుకు పంపమంటావమ్మా, కాగితం మీద చాలా?" అని ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. కాగితమే చాలంటే కాగితమే ఇవ్వండి.

ఆభా తీసుకోవడం కూడా ఇష్టాన్ని బట్టే. ఆభా లేదని ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం ఆపకూడదు. ఇది జనానికి గట్టిగా చెప్పండి. లేకపోతే భయంతో చేయించుకుంటారు, లేదా ఆసుపత్రికే రావడం మానేస్తారు.

ఎనిమిదో అడుగు: లెక్క తీసి అడగడం

మూడు నెలలయ్యాక నోటుబుక్కు తెరవండి. ఎంతమంది వచ్చారన్నది పక్కన పెట్టి, రానివాళ్ళెవరో చూడండి. ఊరి చివర కాలనీ నుంచి ఒక్కరూ లేరా? ఒంటరి ముసలివాళ్ళు, మంచంలో ఉన్నవాళ్ళు, వలస వచ్చిన ఇటుకబట్టీ కూలీలు? వాళ్ళ దగ్గరికి మీరే ఫోను పట్టుకుని వెళ్ళాలి. తేడా తగ్గుతోందో లేదో తెలిసేది ఆ ఇళ్ళల్లోనే.

మీ వల్ల కాని పనులు కొన్ని మిగులుతాయి. పెద్దాసుపత్రిలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినవాళ్ళకు ఓపీ చీటీ త్వరగా వస్తుంది, ఫోను లేనివాళ్ళు పొడవాటి క్యూలో నిలబడతారు. దీనికి మనం నేర్పేదేమీ లేదు, ఆసుపత్రే ఒక మనిషిని పెట్టి ఫోను లేనివాళ్ళ పేర్లు నమోదు చేయించాలి. అడిగితే మారుతుందా అనే సందేహం అక్కర్లేదు. 2021లో కరోనా టీకాకు 18–44 ఏళ్ళ వాళ్ళు టీకా నమోదు వెబ్‌సైట్ కోవిన్‌లో ముందే స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. నెట్ లేని పల్లె జనం ఏమైపోవాలని నలుమూలల నుంచి ప్రశ్నలొచ్చాయి. ఆ మే నెల 24న ప్రభుత్వ కేంద్రాల్లో నేరుగా వెళ్ళి నమోదు చేసుకునే వీలు కల్పించారు. మే 31న సుప్రీంకోర్టు కూడా ఈ డిజిటల్ అంతరం గురించి కేంద్రాన్ని గట్టిగా నిలదీసింది.

అందుకని మీ నోటుబుక్కులోని లెక్కలతో ఒక పేజీ అర్జీ రాయండి. సిగ్నల్ లేని వాడలు ఏవి, ఆధార్‌కు నంబరు లింక్ కాక ఆగిపోయినవాళ్ళు ఎందరు, ఆసుపత్రిలో ఫోను లేనివాళ్ళకు ఏం కావాలి, ఈ మూడూ ఉంటే చాలు. ఎవరి పేరూ, ఎవరి జబ్బూ అందులో రాయకండి. ఒక కాపీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు, ఒకటి గ్రామసభలో సర్పంచికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వచ్చే గ్రామసభలో ఆ సంతకం ఉన్న కాగితం పట్టుకుని ఏమైందో అడగండి.